మా నాయనమ్మ మొగుళ్ళూ, మానవశాస్త్ర సంఘమూ

పోయిన వారం మా మానవశాస్త్రజ్ఞుల జాతీయ సంఘం ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. సంఘం పుట్టి ఇన్నేళ్ళయిన సందర్భంగా ప్రత్యేక సంచిక వేస్తున్నారట, అట్ట మీద మొదటి అధ్యక్షులవారి బొమ్మ వేస్తున్నారట, ఆయన దగ్గర పనిచేసినవాళ్ళలో ఇంకా బతికున్నది నేనొక్కదాన్నేనట, అందుకని ఆయన గురించి మంచి మాటలు ఒక రెండు రాసి పంపమని అడిగింది. ఆలోచించి చెప్తానమ్మా అన్నాను. నిజంగానే ఆలోచించాను. ఒకటి దొరికింది: ఆయన చేతిరాత చక్కగా ఉండేది. రెండోదాని కోసం వారం రోజులుగా వెతుకుతున్నాను, దొరకడం లేదు గానీ, వెతుకుతుంటే తక్కినవన్నీ దొరికాయి.

పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదని అంటారు. ఆయన బతికుండగానే అనవలసినవి ఆయన ఎదుటే అన్నాను కనుక నాకా ఇబ్బంది లేదు. పైగా ఈ వయసులో మొహమాటం దేనికి? మీరూ నా ఈడువాళ్ళే, మనం మనం చెప్పుకోకపోతే ఇంకెవరితో చెప్పుకుంటాం.

మా నాన్నది దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా ఉండే ఒక చిన్న పల్లె. ఆ పల్లె పేరు రాయను. ఒకసారి అచ్చులో పడి అది పడిన పాట్లు చాలు. సగంమంది చేపల వేటకు వెళ్ళేవాళ్ళు, సగంమంది వరిచేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. మా వాళ్ళు తాతల నాడే క్రీస్తు మతం పుచ్చుకున్నారు. మా నాన్న చదువుకుని బందరులో బడిపంతులయ్యాడు, ఆదివారం పూట గుళ్ళో వాక్యం చెప్పేవాడు. సెలవులిస్తే చాలు, నన్నూ మా అన్నయ్యనూ పల్లెకు తోలేసేవాళ్ళు. అక్కడ మా నాయనమ్మ, ఆవిడ దగ్గరే ఉండే మా మేనత్త, మేనత్త కూతురు. ఆ పిల్ల నాకంటే కొంచెం పెద్దది, వరసకు వదిన. ఉప్పుటేట్లో ఈత కొట్టడం, పీత కరవకుండా పట్టుకోవడం నాకు నేర్పింది వదినే. ఆ పల్లెలో చదువుకున్న మొదటి ఆడపిల్ల కూడా వదినే. ఆవిడకు ఒకే ఒక్క కోరిక ఉండేది, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, మా పల్లెలోనే బడి పెట్టించి, అందులో పంతులమ్మగా కూర్చోవాలని. చిన్నప్పుడు కూడా మమ్మల్నందరినీ ఇసకలో వరసగా కూర్చోబెట్టి, చేతిలో తాటాకు ఈనె పుచ్చుకుని ఎక్కాలు అప్పజెప్పించుకునేది. తప్పు చెప్తే నిజంగానే కొట్టేది.

నేను బందరు కాలేజీలో బి.ఏ. అయ్యాక, మా నాన్న ఎవరెవరి చేతులో పట్టుకుని నన్ను ఉత్తరాదికి పంపి మానవశాస్త్రం చదివించాడు. అప్పుడు ఆ చదువు పేరు చెబితే మా వీధిలో వాళ్ళు, పుర్రెలు కొలిచే చదువా అని అడిగేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టలేం. అంతకు ముందు దొరలు వచ్చి నిజంగా పుర్రెలే కొలిచి, ముక్కులు కొలిచి, మనం ఎవరమో మనకు చెప్పి వెళ్ళేవాళ్ళు. స్వరాజ్యం వచ్చాక మన దేశంలో ఆ శాస్త్రం చదివినవాళ్ళకు రోషం వచ్చింది. మన మనుషుల గురించి మనమే రాసుకోవాలి, మనకంటూ ఒక సంఘం ఉండాలి, ఒక పత్రిక ఉండాలి, ఏటా ఒక ఊళ్ళో అందరం కలుసుకుని ఎవరు ఏం రాశారో చదువుకోవాలి, కొండజాతుల గురించో పల్లెల గురించో ప్రభుత్వం ఏదైనా చెయ్యబోతే ముందు మనల్ని అడగాలి అనుకున్నారు. ఇప్పుడు వింటే మామూలు సంగతిలాగే ఉంటుంది గానీ, ఆ రోజుల్లో ఆ మాటలు వింటుంటే నాకు ఒళ్ళు పులకరించేది. సంఘంలో సభ్యులైనవాళ్ళకే పత్రికలో చోటు, వాళ్ళకే పరిశోధనల పనులు, వాళ్ళకే కాలేజీల్లో ఉద్యోగాలు అని కూడా అందరికీ తెలుసు. అంటే అందులో పేరుంటే మనిషి, లేకపోతే లేనట్టే.

ఈ సంఘానికి కర్త, కర్మ, క్రియ అన్నీ మా ప్రొఫెసరు గారే. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో, మంచి భూవసతి ఉన్న కుటుంబంలో. పసితనంలోనే తండ్రి ఉద్యోగం మీద ఉత్తరాదికి వెళ్ళిపోయారు. ఇంగ్లీషు దొరలకంటే దొరలా మాట్లాడేవారు. తెలుగు మాత్రం, అన్నం పెట్టమని అడగడానికి సరిపోయేంత వచ్చు. ఆ మాత్రం వచ్చినందుకే తనకు తెలుగు అంతా వచ్చనుకునేవారు. అసలు రాకపోతే ఏ గొడవా ఉండేది కాదు. నాకు చదువు చెప్పింది ఆయనే, చదువయ్యాక సహాయకురాలిగా పెట్టుకున్నదీ ఆయనే. తెలుగు దేశంలో పనికి మనిషి కావాలి కదా.

సంఘం ప్రారంభ సభలో చదవడానికి ఆయనకు ఒక వ్యాసం కావలసి వచ్చింది. అందరూ ఆశ్చర్యపోయేది కావాలి. మీ తండ్రిగారి ఊరు సముద్రం ఒడ్డున ఎక్కడో మారుమూల ఉందన్నావు కదా, అక్కడికి పోదాం అన్నారు. నేను ఎగిరి గంతేశాను. బెజవాడలో దిగి, ఉయ్యూరు మీదుగా కారులో వచ్చి, దివిసీమలో కాలవగట్టు మీదున్న ప్రభుత్వం వారి బంగళాలో దిగారు. పల్లె అక్కడికి కనుచూపు దూరమే. అయినా పల్లెలో అడుగు పెట్టలేదు. మనం వాళ్ళ ఇళ్ళకు వెళ్తే మర్యాదకు అబద్ధాలు చెబుతారనీ, వాళ్ళను మన దగ్గరకు పిలిపిస్తే నిజం చెబుతారనీ ఆయన సిద్ధాంతం. మునసబుగారితో కబురు పెట్టించి, బంగళా వసారాలో పడకకుర్చీలో తాను కూర్చుని, మా పల్లె ఆడవాళ్ళను ఎదురుగా ఎండలో నిలబెట్టారు. భోజనం గుడివాడ చుట్టాల ఇంటినుంచి క్యారియర్లలో వచ్చేది. మా మేనత్త తెల్లవారగట్ల లేచి చేసిన రొయ్యల కూర ఆయన ముట్టుకోలేదు. నేనూ అన్నయ్యా తిన్నాం.

ఇక్కడ మా పల్లె సంగతి ఒకటి చెప్పాలి. మీకు చెప్పక్కర్లేదు, మీకు తెలుసు, అయినా చెప్తాను. మా పల్లెలో అడుగుపెట్టిన మనిషికి ముందు ఒక వరస కలుపుతారు, ఆ తర్వాతే మంచినీళ్ళిస్తారు. ఉప్పు అమ్మొచ్చే ఆవిడ పిన్ని, బండి తోలే అతను బావ, పోస్టుమాను మావయ్య. వరస కలిశాక వేళాకోళం ఆడకపోతే ఆ మనిషిని చిన్నబుచ్చినట్టే. బావ వరసైనవాడు కనపడితే మా ఆయన వస్తున్నాడని ఆడవాళ్ళు ఏడిపిస్తారు. ముసలమ్మలు చంకనున్న మనవణ్ణి నా మొగుడా అని ముద్దుచేస్తారు. ఇది దివిసీమ సొత్తేమీ కాదు, ఘంటసాలలోనూ ఉంది, గుడివాడలోనూ ఉంది, పెద్దింటివాళ్ళలోనూ ఉంది, పేదింటివాళ్ళలోనూ ఉంది. ఇది చదువుతున్న మీలో మగవాళ్ళు, మీ నాయనమ్మలు మిమ్మల్ని ఏమని పిలిచేవారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ప్రొఫెసరు గారు తన సొంత తెలుగులో, నన్ను నోరెత్తనివ్వకుండా, ఒక్కొక్కళ్ళనూ ముందుకు పిలిచి నీ భర్త ఎవరు, చూపించు అని అడగడం మొదలుపెట్టారు. పెద్దమనిషి పెళ్ళయిన ఆడవాళ్ళను నిలబెట్టి ఆ ప్రశ్న అడిగితే మా వాళ్ళు ఊరుకుంటారా? మా నాయనమ్మ ముండమోసి అప్పటికి ఎన్నో ఏళ్ళు. చంకలో మేనత్త కొడుకు ఉన్నాడు, ముక్కు కారుతోంది.

“ఇదుగో, ఈడేనయ్యా నా మొగుడు. పెద్దోడు పోయాడు, ఇంక నాకు ఈడే దిక్కు” అంది.

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆయన తల దించుకుని రాసుకున్నారు. మా మావయ్య వేటకు పోయి ఉన్నాడు, అందుకని మేనత్త, వెంట వచ్చిన పక్కింటి ముసలాయన్ను చూపించి, వరసకు బావే గదా, ప్రస్తుతానికి ఈయనతో సరిపెట్టుకుంటున్నాను అంది. అదీ రాసుకున్నారు. పెళ్ళికాని మా వదిన, పడవ దగ్గర నిలబడ్డ మా అన్నయ్యను చూపించి పారిపోయింది. అదీ రాసుకున్నారు. నవ్వు ఎక్కువయ్యేకొద్దీ ఆయన కలం జోరు ఎక్కువైంది. వెళ్ళిపోతూ మా నాయనమ్మ ఆయన్ను కూడా వదిలిపెట్టలేదు, ఏమన్నదో తర్వాత చెప్తాను.

ఆ సాయంత్రమే, సార్, అదంతా వేళాకోళం, మా వైపు అలాగే అంటారు అని నేను చెప్పాను. ఒక్కసారి కాదు, వెనక్కి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు మంటగానే ఉంది.

“నువ్వు ఆ ఊరి పిల్లవి. మీ వాళ్ళ పరువు కోసం దాస్తావు. దూరంగా నిలబడ్డవాడికే నిజం కనిపిస్తుంది” అన్నారు.

ప్రారంభ సభ ఉత్తరాదిలో ఒక పెద్ద నగరంలో జరిగింది. ఆహ్వానాలు టైపు చేసింది నేను, కవర్ల మీద తపాలా బిళ్ళలు అంటించింది నేను, వచ్చినవాళ్ళకు పేర్ల చీటీలు చొక్కాలకు గుచ్చింది నేను. స్థాపక సభ్యులందరూ వరసగా వచ్చి సంతకాలు పెడుతున్నప్పుడు నేనూ వెళ్ళి నిలబడ్డాను. అంతకుముందు ఆయనే, నువ్వూ చేరుదువుగాని అన్నారు. తీరా నా వంతు వచ్చేసరికి పక్కవాళ్ళతో ఇంగ్లీషులో, ఈ అమ్మాయి తన వాళ్ళ గురించి తనే రాసుకోవాలనుకుంటుంది, అలాంటివాళ్ళు సమాచారం ఇవ్వడానికి పనికొస్తారు గానీ శాస్త్రానికి పనికిరారు అని చెప్పి, నవ్వుతూ నా చేతిలోంచి కలం తీసుకుని వెనకనున్నవాడికి ఇచ్చారు. అందరి ముందూ. నేను గుమ్మం దగ్గరకు వచ్చి, మిగిలిపోయిన గుండుసూదులు డబ్బాలో సర్దుకున్నాను.

ఆ సభకు ఢిల్లీ నుంచి ఒక మంత్రిగారు వచ్చారు. ఆయన మెప్పు కోసం ప్రొఫెసరు గారు నియమావళిలో ఒక నియమం పెట్టించారు. మనం తెల్లదొరల్లాంటి వాళ్ళం కాదు, మనం ఎవరి గురించి రాస్తామో వాళ్ళకు జవాబు చెప్పుకోవాలి, కనుక ఆ ప్రజలు వార్షిక సభకు వచ్చి అడిగితే, రాసిన సభ్యుడు తాను ఏం రాశాడో వాళ్ళ భాషలో వాళ్ళకు చెప్పి తీరాలి అని. చప్పట్లు మోగాయి. మంత్రిగారు మెచ్చుకున్నారు. అడవుల్లోంచీ లంకల్లోంచీ ఎవరొస్తారు అడగడానికి అని అందరి ధైర్యం. టైపు చేసింది నేనే గనుక నాకు ఆ నియమం అక్షరం అక్షరం కంఠస్థం అయింది.

ఆయన వ్యాసం బ్రహ్మాండంగా నడిచింది. కృష్ణ ముఖద్వారంలో ఒక పల్లెలో ఆడవాళ్ళకు ఇద్దరు ముగ్గురేసి భర్తలు ఉంటారనీ, పసిపిల్లలను కూడా భర్తలుగా చేసుకునే అతి పురాతనమైన ఆచారం అక్కడ ఇంకా బతికి ఉందనీ తేల్చారు. పల్లె పేరు రాశారు. ఇంగ్లీషు పత్రిక వేసింది. దాన్ని చూసి తెలుగు పత్రిక ఒకటి వేసింది, కాస్త ఉప్పూ కారం కూడా చల్లి. మా వాళ్ళు నాగాయలంకలో చేపలు దించితే, ఇవ్వాళ వంతు ఎవరిదిరా అని అడిగేవాళ్ళట. ఆ మాటకు మా మావయ్య ఒకడి పళ్ళు రాలగొట్టి పోలీసు ఠాణాలో కూర్చున్నాడు.

వదిన అప్పటికి బందరులో ఒక ట్రైనింగు స్కూల్లో చేరి ఉంది. పేపరు వచ్చాక ఆవిణ్ణి గదిలోకి పిలిచి, బల్ల వెనక కూర్చున్న పెద్దలు, మీ అమ్మకు ఎంతమంది అని అడిగారు. అలాంటి చోటునుంచి వచ్చిన పిల్ల రేపు పిల్లలకు ఏం నేర్పుతుంది అన్నారు. మా నాన్న వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పుకున్నాడు, తాను ఆదివారాలు వాక్యం చెప్పే మనిషినని చెప్పుకున్నాడు, వినలేదు. వదిన ట్రంకు పెట్టె పుచ్చుకుని ఇంటికి వచ్చేసింది. ఆ పెట్టె దించడానికి పడవ దగ్గరకు అన్నయ్య వెళ్తే, నువ్వు రావొద్దు బావా, నువ్వు వస్తే మళ్ళీ అంటారు అని తనే మోసుకుపోయిందట. ఈ మాట రాసిన అన్నయ్య ఉత్తరం అందిన రోజే నేను ప్రొఫెసరు గారి దగ్గర ఉద్యోగం మానేశాను. మానేసి బందరు వచ్చేశాను. పగ పట్టాను. ఇంకో మాట ఏదైనా వాడితే అబద్ధమవుతుంది.

పగ సంగతి దేవుడు చూసుకుంటాడు, నువ్వు వదిలెయ్యమ్మా అన్నాడు మా నాన్న. ఆయన లోకమంతటినీ చూసుకోవాలి, ఈ ఒక్కటీ నేను చూసుకుంటాను నాన్నా అన్నాను. ఆ సంవత్సరమంతా అన్నం తింటున్నా, ట్యూషన్లు చెబుతున్నా, గుళ్ళో పాట పాడుతున్నా ప్రొఫెసరు గారి మొహమే నా కళ్ళముందు ఉండేది.

కాలం కలిసిరావడమంటే ఏమిటో అప్పుడు చూశాను. రెండో వార్షిక సభ ఎక్కడ పెట్టాలా అని వాళ్ళు ఆలోచిస్తుంటే, గుడివాడలో రైసుమిల్లులున్న ఆయన చుట్టాలు, మనవాడు ఇంత గొప్పవాడయ్యాడు, మన జిల్లాలో సన్మానం చెయ్యాలి, ఖర్చంతా మాది అన్నారు. ఆయన ఒప్పుకున్నారు. సభ బందరులో, కాలేజీ హాల్లో! పులి తనంతట తానే బోను దగ్గరకు నడిచి వస్తుంటే నేను ఎందుకు కాదంటాను?

సంఘానికి కార్యదర్శిగా ఒక బెంగాలీ పెద్దాయన ఉండేవాడు. నియమమంటే నియమమే అనే రకం. దానికి తోడు ఆయనకూ మా ప్రొఫెసరు గారికీ ఉప్పూ నిప్పూ. నేను ఆయనకు ఒక అర్జీ పంపాను, ఫలానా పల్లె ఆడవాళ్ళు సభకు వచ్చి నియమం ప్రకారం అడగదలచుకున్నారు అని. తప్పకుండా రమ్మని వెంటనే జవాబు వచ్చింది. ప్రొఫెసరు గారికి ఈ సంగతి చెప్పినట్టు లేదు. అది ఆయన పగ, నాకు సంబంధం లేదు.

పల్లెలో మగపెద్దలు, పోనివ్వమ్మా, మళ్ళీ కెలికితే మళ్ళీ కంపు అన్నారు. మేనత్త కూడా వెనకాడింది. నాయనమ్మ మాత్రం పొగచుట్ట పక్కనపెట్టి లేచింది.

“పదండే. నా మొగుళ్ళెవరో నేను తెలుసుకోవద్దా?” అంది.

కాలవలో పడవెక్కి, ఆపైన బస్సు పట్టుకుని, ఉతికి ఆరేసిన చీరలు కట్టుకుని మా పల్లె ఆడవాళ్ళు బందరులో దిగారు. వదిన రాలేదు. నేను అడగలేదు కూడా.

హాలంతా జనం. వేదిక మీద ప్రొఫెసరు గారు, మెడలో మోకాళ్ళదాకా పూలదండ. ముందు వరసలో గుడివాడ చుట్టాలు, వాళ్ళ మధ్య ఆయన పెద్దమ్మగారు, నిండుగా, జరీ చీరలో. ఇంగ్లీషులో పొగడ్తలు ముగిశాక కార్యదర్శి లేచి, మన సంఘానికి గర్వకారణమైన నియమం ఈ రోజు మొదటిసారి అమలు జరుగుతోంది, అధ్యక్షులవారు ఏ ప్రజల గురించి రాశారో ఆ ప్రజలే వచ్చారు అని చెప్పి తలుపు తీయించాడు. మా వాళ్ళు లోపలికి వచ్చి గోడవారగా నిలబడ్డారు. ఆయన వాళ్ళను చూశారు, తర్వాత వాళ్ళ పక్కనున్న నన్ను చూశారు. ఆ చూపు చాలు, నేను ఇంకో జన్మ ఎత్తనక్కర్లేదు అనిపించింది.

తన తెలుగు చాలదని, నన్ను పిలిచి తర్జుమా చెయ్యమన్నారు. హాలంతా నా వైపు తిరిగింది. ఆ జవాబు నేను ఏడాదిగా నూరుకుంటూ ఉన్నాను.

“నేను ఆ ఊరి పిల్లను సార్, మా వాళ్ళ పరువు కోసం దాస్తాను. దూరంగా నిలబడ్డవారు మీరే చెప్పాలి” అన్నాను.

చెప్పారు. ఎలా చెప్పారో ఏం రాయను! అన్నం పెట్టమనే ఆ తెలుగులో, చెమటలు కక్కుతూ, మీకు చాలా భర్తలు ఉన్నారు అని రాశాను, ఈ చిన్న బాలుడు కూడా భర్త అని రాశాను అని, ఆ ఆడవాళ్ళ మొహాలు చూస్తూ చెప్పారు. వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. మా నాయనమ్మ నవ్వలేదు. మెల్లగా వేదిక దగ్గరకు నడిచి, తల ఎత్తి ఆయన్ను అడిగింది.

“ఆ రోజు బంగళాకాడ్నించి వచ్చేస్తా, ఎండలో నించోబెట్టావు గదా నా మొగుడా అని నిన్ను గూడా అన్నాను గదయ్యా. మరి అందర్నీ రాసి, నిన్ను నువ్వు రాసుకోలేదేం?”

ముందుగా నవ్వింది ఎవరనుకున్నారు, గుడివాడ పెద్దమ్మగారు. ఆవిడ కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, హాలంతా వినపడేట్టు, “ఓరి నీ చదువు తగలెయ్య! నిన్ను ఒళ్ళో ఏసుకుని మీ నాయనమ్మ అన్నదీ ఆ మాటే గదరా!” అంది. ఇంక ఆపడం ఎవరి తరం. తెలుగువాళ్ళ నవ్వు చూసి, సంగతి అడిగి తెలుసుకుని, తక్కిన రాష్ట్రాలవాళ్ళు రెండో విడత నవ్వారు.

ఆయన ఇంగ్లీషులో ఏదో గొణిగారు. వాళ్ళ భాషలో చెప్పాలి, మీరు పెట్టిన నియమమే అన్నాడు కార్యదర్శి. మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టి, తప్పు రాశాను, క్షమించండి అన్నారు ఆయన. మా మేనత్త ఏడ్చింది. నేను ఏడవలేదు. కోనేరు సెంటరులో మా వాళ్ళందరికీ హల్వా కొనిపెట్టి, నేను కూడా కడుపునిండా తిన్నాను. అంత తియ్యటి హల్వా మళ్ళీ తినలేదు.

ఆ యేడే ఆయన అధ్యక్ష పదవి వదిలేశారు. సంఘం పత్రికలో సవరణ అచ్చు వేశారు, చిన్న అక్షరాల్లో, వెనక పేజీలో. నన్ను సభ్యురాలిగా తీసుకున్నారు. తర్వాత కాలేజీ ఉద్యోగం కూడా వచ్చింది. తీసుకున్నాను, ఎందుకు తీసుకోను? ఆయన పోయేదాకా ప్రతి వార్షిక సభకూ వెళ్ళి, సరిగ్గా ఆయనకు కనపడేచోట కూర్చునేదాన్ని. మాట్లాడటానికి లేచినప్పుడల్లా ముందు నేను ఎక్కడున్నానో వెతుక్కునేవారు. నన్ను చూశాక ఆయన గొంతులో ఒక తడబాటు వచ్చేది. ఆ తడబాటు వినడానికే రైలు టిక్కెట్టు కొనుక్కుని ఎంత దూరమైనా వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఆయన బొమ్మ అట్ట మీద వేస్తున్నారు. వేసుకోనివ్వండి.

బందరు సభనుంచి పల్లెకు తిరిగి వెళ్ళిన రోజు, జరిగిందంతా వదినకు అభినయించి చూపించాం. నాయనమ్మలాగా ఒకళ్ళు, పెద్దమ్మగారిలాగా ఒకళ్ళు. వదిన వల అల్లుతూ అంతా విన్నది, ఒకటి రెండుచోట్ల నవ్వింది కూడా. అంతా అయ్యాక, “మీరందరూ నవ్వుకునొచ్చారు, బాగుంది. మరి నా బడి?” అంది.

కార్యదర్శి ట్రైనింగు స్కూలుకు ఉత్తరం రాశాడు, సవరణ కూడా జత చేశాడు. ఈ ఏడు సీట్లు నిండిపోయాయన్నారు. మరుసటి ఏడు వయసు దాటిందన్నారు. ఆ తర్వాత వదినకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. పల్లెకు బడి కూడా వచ్చింది, అవనిగడ్డనుంచి ఎవరో పంతులు సైకిలు మీద వచ్చి పోయేవాడు, వానాకాలం వచ్చేవాడు కాదు. ఆ పంతులు రాని రోజున కూడా వదిన ఆ బళ్ళో అడుగుపెట్టేది కాదు. ప్రొఫెసరు గారు క్షమించమని అడిగింది సభకు వచ్చిన వాళ్ళను. రానిదాన్ని అడగలేదు. అడిగినా వదిన ఏమనేదో నాకు తెలియదు, నేను మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు.

ఇప్పుడు ఆ పల్లెకు తారు రోడ్డుంది. వరిచేలల్లో సగం రొయ్యల చెరువులయ్యాయి. పోయినసారి వెళ్తే, పిల్లలందరూ నన్ను ఆంటీ అన్నారు, నా డ్రైవరును అంకుల్ అన్నారు, వరస కలిపి మాట్లాడినవాళ్ళు ఒక్కరూ లేరు. కాలం మారింది అంటారు మీరు. అన్ని ఊళ్ళకూ అది నిజమే కావచ్చు, మీ ఊళ్ళో కూడా అలాగే ఉండి ఉంటుంది. మా పల్లె మాత్రం కాలం కంటే చాలా ముందే మారింది. పేపర్లో పడిన తర్వాత మా ఆడవాళ్ళు కొత్త మనిషి వస్తే, ఎవరు కావాలి అని అడిగి, లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. బావ వరసైనవాణ్ణి ఎవరూ ఏడిపించడం నేను మళ్ళీ చూడలేదు. బందరులో అంత నవ్వు నవ్వినా, ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు.

ఆ సభ అయిన కొన్నేళ్ళకు నాకు కొడుకు పుట్టాడు. వాణ్ణి తీసుకుని నాయనమ్మ దగ్గరకు వెళ్ళాను. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, వాణ్ణి ఒళ్ళో వేసుకుంది. వాడు ఆవిడ చెవి తమ్మె పట్టుకుని లాగాడు. ఆవిడ మొహమంతా నవ్వయింది, నోరు తెరిచింది, ఆ మాట పెదాల దాకా రావడం నేను చూశాను. అంతలో గుమ్మం వైపు చూసింది, బయట ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. అయినా నోరు మూసుకుని, బాబు పేరేంటమ్మా అని నన్ను అడిగింది. చెప్పాను. ఆ పేరు పెట్టే పిలిచింది.